నీటిబుడగలకు పథ్యమున్నదా?

తెలుగు ఇండ్లలో రోగము పేరు వినబడిన వెంటనే వచ్చు రెండవ మాట పథ్యము. జ్వరము తగ్గిన పిమ్మట బీరకాయ కూర, పాత చింతకాయ పచ్చడి. కామెర్లకు నూనె లేని చప్పిడి మెతుకులు. బాలింతకు వెల్లుల్లి కారము. ఏ రోగమునకు ఏది కూడదో చెప్పగల ముసలమ్మ ప్రతి వీధిలో ఒకరుండెడివారు. ఆమె స్థానమున నేడొక చీటీ వచ్చినది. "పి.సి.ఓ.ఎస్. డైట్ చార్టు" అను పేరుతో వ్యాయామశాలల గోడలమీదను, మందుల దుకాణముల బల్లలమీదను, చేతి ఫోనులలోను ఈ చీటీ తిరుగుచున్నది. కూర్చినవారెవరైనను ధోరణి ఒక్కటే. తెల్లన్నము మానవలెను, పాలు మానవలెను, గోధుమ మానవలెను, బంగాళాదుంప, అరటిపండు, మామిడిపండు మానవలెను. ఉదయము ఓట్సు, రాత్రి సూపు, నడుమ అవిసె గింజలు, దాల్చినచెక్క నీళ్ళు. ఇట్లు మూడు నెలలు చేసినచో "నీటిబుడగలు కరిగిపోవును" అని చివర ఒక వాగ్దానము.

ఈ చీటీ పుస్తకము కాదు. దీనికి కర్త లేడు, ముద్రణాలయము లేదు. అయినను పుస్తకములకన్న ఎక్కువమంది దీనిని చదువుచున్నారు. చదువుటయే కాదు, ఆచరించుచున్నారు. తొమ్మిదవ, పదవ తరగతుల బాలిక మధ్యాహ్నపు డబ్బాలో అన్నము తెచ్చుట మాని, నాలుగు కీరదోస ముక్కలతో సరిపెట్టుకొనుటకు ఒక్కొక్కప్పుడు ఈ చీటీయే కారణము. కావున ఒక గ్రంథమును పరీక్షించినట్లే దీనిని కూడ పరీక్షించుట న్యాయము.

పరీక్షకు ఒరగల్లు సిద్ధముగానే ఉన్నది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయము నాయకత్వమున పెక్కు దేశముల వైద్య సంఘములు కలిసి 2018లో ఈ రుగ్మతపై ఒక అంతర్జాతీయ మార్గదర్శిని వెలువరించి, 2023లో దానిని సవరించినవి. సవరించిన ప్రతిలో సిఫారసులు, ఆచరణ సూచనలు కలిపి 254 కలవు. వానిలో ప్రయోగ సాక్ష్యముపై నిలిచినవి 77 మాత్రమే. తక్కినవి నిపుణుల ఏకాభిప్రాయములు, వైద్యానుభవమునుండి తీసిన సూచనలు. ఏది ఏ తరగతికి చెందినదో ఆ గ్రంథము ప్రతిచోటను చెప్పును. చీటీకిని దీనికిని మొదటి భేదము ఇక్కడనే కనబడుచున్నది. ఒరగల్లులో మాత్రము లోపము లేదా యనిన, ఉన్నది, అది తరువాత.

ముందుగా బుడగల సంగతి. "అండాశయములో నీటిబుడగలు ఉన్నవి" అను మాట మన పల్లెలలోను వాడుకలోనికి వచ్చినది. కొందరు "గర్భసంచిలో" అనియు చెప్పుదురు. అది మరింత తప్పు. అల్ట్రాసౌండ్ తెరపై నల్లని గుండ్రని చుక్కలుగా కనబడునవి తిత్తులు కావు, గడ్డలు కావు. జీవశాస్త్ర పాఠములో పుటికలని చెప్పబడునవే అవి. ప్రతి ఋతుచక్రమున కొన్ని పుటికలు ఎదుగుట మొదలిడును, ఒకటి పూర్తిగా పెరిగి అండమును విడుదల చేయును, తక్కినవి క్షీణించును. ఈ రుగ్మతలో పుటికలు సగము దూరము నడచి ఆగిపోవును. ఆగినవన్నియు అండాశయపు అంచున వరుసగా నిలిచియుండును. ఇవి పని పూర్తికాని పుటికలే గాని బయటినుండి వచ్చిన పదార్థము కాదు. వానిని "కరిగించు" ఆహారమేదియు లేదు. ఆగుటకు కారణము చక్కబడినచో అండము విడుదలగును. చుక్కల సంఖ్య తగ్గినను తగ్గకున్నను ఋతుక్రమము కుదుటపడవచ్చును.

ఈ పొరపాటుకు చీటీ రచయితలను మాత్రమే తప్పుపట్టుట తగదు. రోగము పేరులోనే తిత్తులున్నవి. 1935లో చికాగో వైద్యులు ఇర్వింగ్ స్టైన్, మైఖేల్ లెవెంథాల్ ఏడుగురు స్త్రీల వృత్తాంతమును ప్రకటించిరి. ఋతుస్రావము నిలిచిపోయిన ఆ స్త్రీల అండాశయములు పెద్దవై, చిన్న తిత్తులవంటివానితో నిండియుండెను. వైద్యులు శస్త్రచికిత్స చేసి అండాశయమునుండి ఒక ముక్కను కోసి తీసిరి; ఋతుక్రమము తిరిగివచ్చెను. నాటినుండి చూపు అండాశయముపైననే నిలిచిపోయినది. నిజమునకు వేరొక ఆధారము అంతకు 14 ఏండ్ల ముందే ప్రకటితమై ఉండెను. 1921లో ఫ్రెంచి వైద్యులు అషార్, టియర్స్ గడ్డము మొలచిన స్త్రీలలో కనబడు మధుమేహమును వర్ణించియుండిరి. గడ్డమునకును చక్కెరకును సంబంధమేమో నాడు తెలియలేదు. 1980లో అమెరికా పరిశోధకులు ఈ రుగ్మతగల స్త్రీల రక్తములో ఇన్‌సులిన్ పెరిగినకొద్ది పురుష హార్మోనులును పెరుగుచుండుటను చూపిన పిమ్మట ఆ ముడి విడిపోసాగెను. పేరు మాత్రము పాతదే మిగిలెను. 2012 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యమున సమావేశమైన నిపుణుల సంఘము, ఈ పేరు దృష్టిని తప్పుత్రోవ పట్టించుచున్నదనియు, మార్చవలెననియు సిఫారసు చేసెను.

ఆహారమునకు ఈ రుగ్మతలో స్థానమున్నదనుట ఆ 1980 నాటి ముడివలననే. క్లోమము స్రవించు ఇన్‌సులిన్ రక్తములోని గ్లూకోజును కండరములలోనికి పంపును. కొందరి దేహములలో కండరములు దాని మాట సరిగా వినవు. అప్పుడు క్లోమము మరింత ఇన్‌సులిన్‌ను విడుదల చేయును. కండరము వినకపోయినను అండాశయము వినును, అదియే చిక్కు. అండాశయములోని థీకా కణములు పీయూష గ్రంథినుండి వచ్చు లూటినైజింగ్ హార్మోను ఆజ్ఞతో ఆండ్రోజెన్‌లను, అనగా పురుష హార్మోనులను, కొద్దిగా తయారుచేయుట సహజము. ఇన్‌సులిన్ ఎక్కువైనచో ఈ తయారీ హెచ్చును. అంతేకాక కాలేయములో ఈ హార్మోనులను పట్టియుంచు ఒక ప్రోటీను తయారగును. ఇన్‌సులిన్ దాని ఉత్పత్తిని తగ్గించును. తయారీ పెరిగి, పట్టియుంచునది తగ్గుటతో స్వేచ్ఛగా తిరుగు ఆండ్రోజెన్ రెండు విధములుగా పెరుగును. ఫలితము చుబుకముపై ముదురు వెండ్రుకలు, మొండి మొటిమలు, నడుమ ఆగిన పుటికలు, తప్పిన నెలలు. కొందరికి మెడ వెనుక చర్మము నల్లబడి మందమగును. అది మురికి కాదు. ఇన్‌సులిన్ హెచ్చుటకు గుర్తు. సున్నిపిండితో ఎంత రుద్దినను పోదు. రుద్దమని పిల్లను గద్దించుటవలన ప్రయోజనమును లేదు.

అయితే ఈ రుగ్మతగలవారందరును స్థూలకాయులు కారు. సన్ననివారిలోను ఇది కలదు. వంశానుగతముగా వచ్చు పాలు కూడ గొప్పదే. చీటీ అందరికిని బరువు తగ్గుమనియే చెప్పును. సన్నని బాలికకు ఆ సలహా దేనికో చీటీకి తెలియదు.

ఇక సాక్ష్యము. చీటీ చెప్పు నిషేధముల వెనుక ప్రయోగములు బొత్తిగా లేవనుట కూడ సరికాదు. ఉన్నవి, కాని అవి చెప్పినది వేరు. 1992లో లండనులో స్థూలకాయులైన 24 మంది స్త్రీలకు తక్కువ కేలరీల ఆహారమును ఆరేడు నెలలపాటు ఇచ్చి చూచిరి. 13 మందికి శరీరపు బరువులో నూటికి 5 పాళ్ళకు మించి తగ్గెను. ఆ 13 మందిలో ఋతుక్రమము చెడియున్నవారు 11 మంది కాగా, 9 మందికి మేలు కనబడెను; కొందరు గర్భవతులును అయిరి. బరువు అంతగా తగ్గనివారిలో చెప్పుకొనదగిన మార్పు లేదు. గమనింపవలసినది ఆ 5 అను అంకె. 70 కిలోల స్త్రీకి అది మూడున్నర కిలోలు. పదునైదు కిలోలు తగ్గింతుమని చెప్పు ప్రకటనలు ఈ మూడున్నర కిలోల ఫలితమునే చూపి, దానిపై మేడ కట్టుచున్నవి.

2003లో ఆస్ట్రేలియాలోని ఎడిలైడ్ నగరమున వేరొక ప్రశ్న వేసిరి. కేలరీలు సమముగా తగ్గించి, ఒక వర్గమునకు మాంసకృత్తులనుండి నూటికి 30 పాళ్ళ శక్తిని, రెండవ వర్గమునకు 15 పాళ్ళను ఇచ్చిరి. రెండు వర్గములలోను బరువు ఇంచుమించు ఏడున్నర పాళ్ళు తగ్గెను. ఋతుక్రమము మెరుగుపడుటలో ముఖ్యమైన భేదము కనబడలేదు. పొడి డబ్బాలమ్మువారు ఈ ప్రయోగమును ఉదహరింపరు.

2010 నాటి సిడ్నీ ప్రయోగము మరింత ఆసక్తికరము. దీనిని చక్కగా చదివినచో సాక్ష్యమును తూచుట యెట్లో విద్యార్థులకు కూడ తెలియును. 96 మంది స్త్రీలను రెండు వర్గములు చేసిరి. ఇద్దరికిని క్రొవ్వు తక్కువ, పీచు తగినంత గల ఆహారమే. భేదమొక్కటే: మొదటి వర్గము తిన్న పిండిపదార్థములు రక్తములో చక్కెరను మెల్లగా పెంచునవి. బరువు ఇరువురికిని సమముగానే తగ్గెను గాని, ఋతుక్రమము మెరుగుపడినవారు మొదటి వర్గమున నూటికి 95, రెండవ వర్గమున 63. చీటీలకు మూలమగు అంకెలలో ఇది ఒకటి. అయితే అదే ప్రయోగములో మరొక అంకె కలదు: చేరినవారిలో సుమారు సగముమంది గడువుకు ముందే విరమించిరి. మిగిలినవారు సహజముగానే పట్టుదలగలవారై యుండవచ్చును. సగము తరగతి పరీక్ష వ్రాయక వెళ్ళిపోయిన పిమ్మట ఉత్తీర్ణతా శాతమును లెక్కించినట్లు. మెల్లగా జీర్ణమగు ఆహారము మంచిదేయన్న సూచన దీనిలో కలదు, రుజువు లేదు. తెల్లన్నము నిషిద్ధమన్న మాట అసలే లేదు.

ఇటువంటి ప్రయోగములన్నిటిని చేర్చి చూచి 2023 మార్గదర్శి చెప్పినదేమనగా, ఈ రుగ్మతకు ఒక ఆహార క్రమము మరొకదానికన్న మేలైనదని చూపు సాక్ష్యము లేదు. ఆరోగ్యకరమైన సామాన్యాహారమేదైనను మేలు చేయును. అది మనిషి ఇష్టమునకు, సంస్కృతికి అనుకూలముగా ఉండవలెను. అతి నిషేధములతో పోషణ తప్పిన ఆహారము కూడదు. పాలు మానుమని గాని, గోధుమ మానుమని గాని దానిలో సిఫారసు లేదు. పొడిగా అమ్ముచున్న ఇనోసిటాల్‌ను గురించి కూడ దాని మాట మితముగనే ఉన్నది: హాని స్వల్పము, జీవక్రియలో కొంత మేలు ఉండవచ్చును, అండము విడుదలగుటకు గాని, వెండ్రుకలు, బరువు తగ్గుటకు గాని ప్రయోజనము పరిమితము. కోరినవారు వాడవచ్చును. డబ్బా పైనున్న వాక్యములకును ఈ వాక్యములకును గల దూరమును కొనువారు చూడరు.

మార్గదర్శి నిజాయితీని మెచ్చుకొనవలసినదే. తెలియనిచోట తెలియదని చెప్పుట వైద్య గ్రంథములకు సులభము కాదు. కాని ఈ అధ్యాయములో రెండు లోపములు కలవు. మొదటిది, భేదము కనబడలేదనుట వేరు, భేదము లేదనుట వేరు. ఇరువది, ముప్పదిమందితో మూడు నెలలు జరిగిన ప్రయోగమున చిన్న భేదము ఎట్లు కనబడును? మార్గదర్శి భాష జాగ్రత్తగానే ఉన్నను, దానిని చదివిన డాక్టరు "ఏది తిన్నను ఒకటే" యని రోగికి చెప్పి పంపివేయు అపాయమున్నది. రెండవది ఇంతకన్న ముఖ్యమైనది. "సంస్కృతికి అనుకూలమైన ఆరోగ్యకరాహారము" అను మాట తెలుగు బాలిక పళ్ళెమువద్దకు వచ్చుసరికి ఖాళీ గిన్నె. పైని మూడు ప్రయోగములును లండను, ఎడిలైడ్, సిడ్నీ నగరములలో జరిగినవి. అక్కడి పళ్ళెములో అన్నము ఒక వంటకము. ఇక్కడ అన్నమే భోజనము. తక్కినవన్నియు దానిలోనికి నంజుకొనునవి. "భోజనమైనదా" అనుటకు బదులు "అన్నము తిన్నావా" అని అడుగు భాష ఇది. ఈ ఖాళీని మార్గదర్శి నింపకపోవుటచేతనే చీటీ వచ్చి అక్కడ కూర్చున్నది.

నింపుటకు సామగ్రి మాత్రము దగ్గరనే కలదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి రోగముపై పరిశోధన కొరకు ఆరంభించిన చిన్న ప్రయోగశాల పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, జాతీయ పోషకాహార సంస్థగా వెలసినది. ఆ సంస్థ 2024లో భారతీయులకు 17 ఆహార మార్గదర్శక సూత్రములను ప్రకటించెను. అవి ఈ రుగ్మతకై వ్రాసినవి కావు, అందరికిని వ్రాసినవి. అందుచేతనే ఇక్కడ పనికివచ్చును. వానిలో ఒక మాట: ధాన్యములనుండి రోజులో వచ్చు శక్తి నూటికి 45 పాళ్ళు దాటకుండుట మంచిది, పప్పులు, గింజలు, మాంసము మున్నగువానినుండి సుమారు 15 పాళ్ళు రావలెను. మన దేశమున ధాన్యముల వాటా 50నుండి 70 పాళ్ళవరకు ఉన్నదని ఆ సంస్థయే చెప్పుచున్నది.

దీనిని లెక్కగా చేసిచూడవచ్చును. 13నుండి 15 ఏండ్ల బాలికకు రోజుకు సుమారు 2400 కేలరీలు కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020 పట్టికలు చెప్పుచున్నవి. దానిలో 45 పాళ్ళు 1080. నూరు గ్రాముల బియ్యమునకు ఇంచుమించు 350 కేలరీలు. అనగా రోజు మొత్తముమీద ఇడ్లీ, అట్టు, అన్నము, చపాతీ అన్నియు కలిపి 300 గ్రాముల ధాన్యము. ఇది నిషేధము కాదు, మంచి కొలత. ఇంటిలో 400 గ్రాములు తినుచున్న పిల్లకు వంద గ్రాములు తగ్గించి, ఆ చోటులో గట్టి పప్పు, గుడ్డు, శనగలు, వేరుశనగ, ఆకుకూర, పెరుగు చేర్చుట. నీళ్ళచారులో పప్పు వెదకుకొను ఇండ్లలో ఈ మార్పునకు డబ్బు కావలెను. బియ్యము చౌక, కందిపప్పు ప్రియము. చీటీలోని ఓట్సు, అవకాడో, బాదంపాలు అంతకన్న ఎన్నో రెట్లు ప్రియమన్నది వేరే సంగతి.

చీటీలలో తరచుగా కనబడు అంకె 1200 కేలరీలు. అది ఎక్కడినుండి వచ్చినది? 2018 మార్గదర్శిలో అధిక బరువుగల వయోజన స్త్రీలకు, వారి వారి అవసరములను చూచి, 1200నుండి 1500 కేలరీలవరకు విధింపవచ్చునన్న మాట కలదు. వయోజనులకు, అధిక బరువుగలవారికి, అవసరమును చూచి అను మూడు షరతులును దారిలో రాలిపోయినవి. అంకె మాత్రము మిగిలి, పదునాలుగేండ్ల పిల్ల చేతికి వచ్చినది. ఆమె అవసరములో అది సగము.

అన్నమును గూర్చిన మరొక వాదము గ్లైసిమిక్ సూచిక. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు ఈ కొలతను ప్రవేశపెట్టిరి. 50 గ్రాముల పిండిపదార్థము గల ఆహారము తిన్న తరువాత రక్తములో చక్కెర ఎంత పెరిగెనో చూచి, అంతే గ్లూకోజు తిన్నప్పటి పెరుగుదలను 100గా తీసుకొని పోల్చుదురు. 55వరకు తక్కువ, 70 మొదలుకొని ఎక్కువ. అన్ని బియ్యములును ఎక్కువవైపే ఉండవు. రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయము రూపొందించిన తెలంగాణ సోనా, హైదరాబాదు పరిశోధనాలయములు తయారుచేసిన మెరుగైన సాంబ మసూరి, రెండును 51 ప్రాంతమున ఉన్నట్లు తేలినది. "షుగరు బియ్యము" అని వీనిని అంగళ్ళలో అమ్ముచున్నారు. ఇది సంతోషింపదగిన పనియే గాని, 50 గ్రాముల పిండిపదార్థమనగా సుమారు 65 గ్రాముల బియ్యము. ఒక పూటకు 150 గ్రాముల బియ్యము వండుకొని తిన్నచో పరీక్షలో తిన్నదానికి రెట్టింపును మించినది. సూచిక తక్కువైనంత మాత్రమున పరిమాణము మాయమగునా? రాగుల విషయము కూడ ఇట్టిదే. సంగటి వేరు, మెత్తని పిండిని పలుచగా కాచిన జావ వేరు. ఎంత మెత్తగా విసరి ఎంతసేపు ఉడికించిన అంత త్వరగా జీర్ణమగును. చీటీ "మిల్లెట్లు" అని ఒక్కమాట వ్రాసి ఊరకుండును. అన్నములో పప్పు, కూర, పెరుగు కలిసినప్పుడు జీర్ణమగు వేగము తగ్గును. ఒంటరి అన్నమును పరీక్షించి, కలిపిన ముద్దకు శిక్ష వేయుట సరికాదు.

ఇంటి పథ్యమునకును ఒక మాట చెల్లును. నువ్వులు, బెల్లము, బొప్పాయి వేడి చేయుననియు, తప్పిన నెలను తెప్పించుననియు నమ్మిక. రజస్వలయైన పిల్లకు చిమ్మిలి పెట్టుట మన ఆచారము. నువ్వులలో సున్నము, ఇనుము, మంచి క్రొవ్వు ఉన్నవి. ఎదుగు పిల్లకు మంచి తిండియే. కాని నువ్వులు అండమును విడుదల చేయించునని చెప్పుటకు ఆధారము చాలదు. ముసలమ్మ చిమ్మిలి పెట్టి ఎన్నడును 1200 కేలరీలను లెక్కపెట్టలేదు. ఆ మాత్రమునకు ఆమె చీటీకన్న మేలు.

ఇప్పుడు అన్నిటికన్న బరువైన ప్రశ్న. ఈ చీటీ చేతికి వచ్చిన బాలికకు అసలు ఆ రుగ్మత ఉన్నదా? 2011లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఆశ్రమ కళాశాలలో చదువుచున్న 15నుండి 18 ఏండ్ల 460 మంది బాలికలను పరీక్షించిరి. 42 మందికి, అనగా నూటికి 9 మందికి పైగా, రుగ్మత కలదని తేల్చిరి. ఈ అంకె తరువాత ఎన్నో వ్యాసములలో కనబడెను. అది ఎట్లు వచ్చినదో విప్పి చూడవలెను. నాడు వాడుకలోనున్న 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణము ప్రకారము మూడు గుర్తులలో రెండున్నచో చాలును: ఋతుక్రమము తప్పుట, ఆండ్రోజెన్ హెచ్చు, అల్ట్రాసౌండ్‌లో పెక్కు పుటికలు. 42 మందిలో మూడు గుర్తులును గలవారు 11 మంది. క్రమము తప్పుటయు ఆండ్రోజెన్ హెచ్చును గలవారు ఒక్కరు. పుటికలు, ఆండ్రోజెన్ హెచ్చు గలవారు ఒక్కరు. మిగిలిన 29 మందికి ఉన్నవి క్రమము తప్పుట, తెరపై చుక్కలు, అంతే.

ఎదుగు వయసులో అండాశయమున పుటికలు ఎక్కువగా ఉండుట సహజము. అందుచేత 2023 మార్గదర్శి ఈ వయసువారికి అల్ట్రాసౌండ్‌ను నిర్ణయమునకు వాడవద్దని చెప్పుచున్నది; రజస్వలయైన ఎనిమిదేండ్లవరకు ఆ చుక్కలు లెక్కకు రావు. బాలికలలో క్రమము తప్పుటయు, ఆండ్రోజెన్ హెచ్చును రెండును తప్పక ఉండవలెను. ఆ కొలతతో చూచినచో పై 42 మందిలో నిలుచునది 12 మంది. 460లో నూటికి ముగ్గురికన్న తక్కువ. క్రమము తప్పుటకు రెండుచోట్ల ఇచ్చిన నిర్వచనములు ఒక్కటి కావు గనుక ఇది స్థూలమైన లెక్కయే. పరిశోధకులను తప్పుపట్టుటకును ఇది చాలదు. వారు నాటి ప్రమాణమును పాటించిరి. మిగిలిన పిల్లలందరును ఆరోగ్యవంతులనియు కాదు. కొందరిని "అపాయమునకు అవకాశమున్నవారు" అని గుర్తించి, కొన్నేండ్ల తరువాత మరల పరీక్షింపవలెనని మార్గదర్శి మాట. ప్రమాణము మారిన అంకె ఎంత మారునో పెద్దవారిలోను చూడవచ్చును. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త అధ్యయనము 2024లో వెలువడినది. 18నుండి 40 ఏండ్ల స్త్రీలలో రుగ్మత ఒక ప్రమాణముతో నూటికి 7.2, మరొకదానితో 13.6, రోటర్‌డామ్‌తో 19.6. స్త్రీలు వారే, గీత గీచిన చోటు వేరు.

క్రమము తప్పుట యనగా ఏమో కూడ ఉపాధ్యాయులు తెలిసికొనుట మంచిది. రజస్వలయైన మొదటి ఏడు నెలలు తప్పుట సహజమే. ఒకటినుండి మూడేండ్లవరకు 21 రోజులకన్న తక్కువ గాని 45 రోజులకన్న ఎక్కువ గాని ఎడమున్నచో, ఆ పిమ్మట 35 రోజులు దాటినచో, క్రమము తప్పినదనవచ్చును. మొదటి ఏడాది గడచిన పిమ్మట ఎప్పుడైనను ఒక్కసారి 90 రోజులు దాటినను, 15 ఏండ్లు వచ్చియు రజస్వల కాకున్నను డాక్టరును చూడవలెను. డాక్టరు థైరాయిడ్ మున్నగు ఇతర కారణములను ముందు తోసిపుచ్చవలెను. రుగ్మత నిశ్చయమైనచో రక్తములో చక్కెరను పరీక్షింపవలెను. ఏ చీటీలోను ఈ వరుస లేదు. అది నేరుగా ఓట్సుతో మొదలగును.

రుగ్మత లేని పిల్ల ఈ పథ్యము పట్టినచో ఏమగును? తిండి చాలనప్పుడు మెదడులోని హైపోథాలమస్ పునరుత్పత్తి పనిని వాయిదా వేయును, పీయూష గ్రంథికి పోవు సంకేతములు సన్నగిల్లును, ఋతుస్రావము ఆగిపోవును. క్రీడాకారిణులలోను, ఉపవాసములు చేయువారిలోను ఇది తెలిసినదే. చీటీని పాటించిన బాలికకు నెల మరింత తప్పును. చుక్కలు ఇంకను ఉన్నవని తల్లి భయపడును. చీటీ మరింత గట్టిగా అమలగును. మందు పుట్టించిన రోగమునకు అదే మందు మోతాదు పెంచినట్లు. ఈ రుగ్మత నిజముగా ఉన్న స్త్రీలలో సైతము తిండిని గూర్చిన వికారములు ఇతరులకన్న ఎక్కువగా ఉన్నవని మార్గదర్శి హెచ్చరించుచున్నది. 2019నుండి 2021వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆ పిల్లల పళ్ళెమునుండి ఇంకను తీసివేయుటకు ఏమున్నది?

చీటీలో ఉండదగి, లేనిది మరొకటి కలదు. కండరము ఇన్‌సులిన్ మాట వినకపోవుట ఈ కథకు మొదలు. కదలిన కండరము మరల వినును. బరువు తగ్గకపోయినను వినును. మార్గదర్శి ఈ వయసువారికి చెప్పినది రోజుకు 60 నిమిషముల ఆట లేక వ్యాయామము, దానిలో వారమునకు మూడుసార్లయినను కండరములకు, ఎముకలకు బలమిచ్చునది. కబడ్డీ, తాడాట, ఖోఖో చాలును. అవకాడో కొనవలసిన పని లేదు. పదవ తరగతి కాలపట్టికలో ఆటల గంట ఉండనే ఉండును. సంక్రాంతి సెలవుల తరువాత పెక్కు పాఠశాలలలో అది గణితమునకు పోవును. బాలికల విషయములో అంతకు ముందే పోవును.